‘నడుస్తది’ అన్న మాటకు నేను చెప్పిన ఇంగ్లీషు

2023, ఎండలు ముదురుతున్న రోజులు. శామీర్‌పేట మండలంలోని ఒక ఊరి పంచాయతీ ఆఫీసు. ఊరి పేరు చెప్పను. చెబితే అక్కడివాళ్లు నొచ్చుకుంటారు. ఒక పక్క ముగ్గురు విదేశీయులు, ఎదురుగా చాప మీద పది పన్నెండు మంది ఆడవాళ్లు, మధ్యలో ప్లాస్టిక్ కుర్చీలో నేను. ఇటు మాట అటు, అటు మాట ఇటు చేరవేయడం నా ఉద్యోగం.

దీన్ని ఇంటర్‌ప్రిటింగ్ అంటారు. కాగితం మీద ఉన్నదాన్ని తెలుగు చేసేవాళ్లు ట్రాన్స్‌లేటర్లు. వాళ్లకు నిఘంటువు ఉంటుంది, టీ తాగే తీరిక ఉంటుంది, కొట్టేసి మళ్లీ రాసుకునే వీలుంటుంది. మాకు అవేమీ ఉండవు. ఎదుటి మనిషి నాలుగు ముక్కలు చెప్పి ఆగగానే మేము అందుకోవాలి. ఆలోచించుకోవడానికి దొరికేది గుటక మింగేంత వ్యవధి. పదేళ్లకు పైగా ఈ పనిలో ఉన్నాను. తడుముకోకుండా చెబుతానని నాకు పేరుంది, ఆ పేరు చూసుకుని నాకు కాస్త పొగరు కూడా ఉండేది.

మాది తెనాలి వైపు. మా వారికి మేడ్చల్‌లో ఫ్యాక్టరీ ఉద్యోగం, అలా ఇక్కడికి వచ్చాం. మా కాలనీలో సగం మంది మా వైపు వాళ్లే కావడంతో నా తెలుగు వచ్చినప్పుడు ఎలా ఉందో అలాగే ఉండిపోయింది. బయట వినిపించే ‘ఏంది’, ‘గట్ల’, ‘పరేషాన్’ అన్నీ అర్థమవుతాయి. అర్థమవుతాయనే అనుకునేదాన్ని.

ఆ విదేశీయులు ఒక సహాయ కార్యక్రమం తరఫున వచ్చారు. యూరప్‌లోని ఒక ప్రభుత్వం సాయం చేస్తుంది, ఇక్కడి స్వచ్ఛంద సంస్థ పని చేయిస్తుంది, పంచాయతీ భాగస్వామి. ట్యాంకులు కట్టించి రిబ్బను కత్తిరించడం వాళ్ల పద్ధతి కాదు. గవర్నెన్స్, రెజిలియెన్స్ అనే రెండు మాటల చుట్టూ వాళ్ల పనంతా తిరుగుతుంది. గవర్నెన్స్‌ను నేను ‘పాలన’ అనగానే సర్పంచ్ నవ్వాడు. “పాలన మేం జేస్తనే ఉన్నం గదా మేడం, మళ్ల వీళ్లొచ్చి ఏం జేస్తరు?” అన్నాడు. రెజిలియెన్స్‌కు పుస్తకాల్లో ‘స్థితిస్థాపకత’ అని ఉంటుంది. ఆ మాట పలికితే చాప మీద ఒక్కరు కూడా మిగలరు. ‘కష్టమొస్తే తట్టుకుని మళ్లీ నిలబడటం’ అని చెప్పాను, అందరూ తలూపారు. ఆ రోజు నేను సరిగ్గా చేసిన పని అదొక్కటే.

ఆ ఊళ్లో వాళ్లు చేసింది చిన్న పనే, కానీ మంచి పని. ఆడవాళ్లతో నీళ్ల కమిటీ వేశారు. నల్లా నీళ్లు పరీక్షించడం నేర్పారు. నీళ్లు బాగాలేకపోతే రాసుకోవడానికి పంచాయతీలో ఒక ఫిర్యాదుల రిజిస్టర్ పెట్టించారు. ఏ వాడ వాళ్లు ఏం రాశారో గ్రామసభలో పైకి చదవాలి, ఏం చేశారో సర్పంచ్ చెప్పాలి. ఇప్పుడు మిడ్‌టర్మ్ రివ్యూ జరుగుతోంది, అంటే సగం దారిలో చేసే తనిఖీ. ఇంకా ఇబ్బంది ఉందని తేలిన ఊళ్లకు రెండో విడత సాయం వస్తుంది. పాడైన పైపులు మారుస్తారు, రిజిస్టర్ చూడటానికి మరికొంత కాలం మనిషిని పెడతారు. అంతా బాగుందని తేలితే హ్యాండోవర్, అంటే ‘ఇక మీరే చూసుకోండి’ అని అప్పగించి వెళ్లిపోతారు. ఈ సంగతి నాకు ముందే చెప్పారు. ఊరివాళ్లకు మాత్రం సరిగా తెలియదు. బాగుందని చెబితేనే సాయం వస్తుందని సర్పంచ్ నమ్మకం.

నీళ్ల కమిటీలో ముఖ్యురాలు యాదమ్మ. యాభై ఏళ్లుంటాయి, కూరగాయల తోటల్లో కూలికి పోయే మనిషి. చదువు పెద్దగా లేదు కానీ పరీక్ష చేయడం ఎంత శ్రద్ధగా నేర్చుకుందో! చిన్న గాజు గొట్టంలో ఆఫీసు నల్లా నీళ్లు పట్టి, రెండు చుక్కల మందు వేసి, వెలుతురుకు ఎత్తి పట్టుకుంది. నీళ్లు పసుపు రంగుకు తిరిగాయి. “గిట్ల పచ్చగైతె క్లోరిన్ ఉన్నట్టు. తెల్లగనే ఉంటె నీళ్లు తాగొద్దు” అంది. విదేశీయులు చప్పట్లు కొట్టారు.

చప్పట్లు ఆగాక ఆమె సర్పంచ్ వైపు తిరిగి, “మా వాడల నల్లా నీళ్లు గూడ పట్టుకరావాల్నా?” అని అడిగింది.

“ఇప్పుడెందుకమ్మా, సార్లకు టైం లేదు. ఇంక రెండూళ్లు తిరగాలె వాళ్లు” అన్నాడు సర్పంచ్.

ఆమె గొట్టం కడిగి పెట్టెలో పెట్టేసింది. ఆ రెండు మాటలూ నేను ఇంగ్లీషులో చెప్పలేదు. వాళ్లలో వాళ్లు అనుకున్నవి కదా అని వదిలేశాను. ఎండ, ఆకలి, అది ఆ రోజు మా మూడో ఊరు. కారణాలకేం, ఎన్నైనా చెప్పవచ్చు.

టీమ్ లీడర్ నెరిసిన జుట్టు ఉన్న పొడుగాటి మనిషి. బూట్లు గడప బయట విప్పి వచ్చి, కుర్చీ వద్దని చాప మీదే కూర్చున్నాడు. మంచివాడు. రిజిస్టర్ పేజీలు తిప్పి చూసి, నెమ్మదిగా ఒక పెద్ద ప్రశ్న అడిగాడు. “ఇందులో రాసినవి చాలా తక్కువగా ఉన్నాయి. ఫిర్యాదులే లేవా, లేక ఉన్నా రాయడం లేదా? రాస్తే ఎవరైనా పట్టించుకుంటున్నారా? మీరు మొహమాటపడకుండా చెప్పాలి” అన్నాడు.

నేను ఆ ప్రశ్నంతా నలిపి చిన్న ఉండ చేశాను. “ఈ రిజిస్టర్ పద్ధతి బాగానే పనిచేస్తోందా అమ్మా?” అని అడిగాను.

యాదమ్మ రిజిస్టర్ వంక చూసింది. సర్పంచ్ వంక చూసింది. తరువాత నా వంక చూసి, “ఆ... నడుస్తది మేడం” అంది.

“అవును, చాలా చక్కగా నడుస్తోంది అంటున్నారు” అని నేను ఇంగ్లీషులో చెప్పాను. ఆమె అన్నది ఒక్క మాట. ‘చాలా’, ‘చక్కగా’ రెండూ నావి. వట్టి ‘నడుస్తోంది’ అంటే ఇంగ్లీషులో బోసిగా ఉంటుందని చేర్చాను. టీమ్ లీడర్ ముఖం విప్పారింది. తన కాగితం మీద ఏదో రాసుకున్నాడు. తిరిగి వెళ్లేటప్పుడు కారులో, మీరుంటే భాష అడ్డం ఉన్నట్టే అనిపించదు అని నన్ను మెచ్చుకున్నాడు. నేను పొంగిపోయాను.

వానలు మొదలయ్యే ముందు రిపోర్ట్ వచ్చింది. దాని సారాంశం ఊరివాళ్లకు తెలుగులో చదివి వినిపించాలని వాళ్ల నియమం. ఎంత మంచి నియమమో చూడండి. తెలుగు చేసే పని నాకే ఇచ్చారు, గ్రామసభలో చదవమని కూడా నన్నే పంపారు. మైకు పట్టుకుని చదువుతున్నాను. “ఫిర్యాదుల విధానం చాలా చక్కగా నడుస్తోందని నీళ్ల కమిటీ మహిళలు తెలిపారు. కాబట్టి ఈ గ్రామాన్ని హ్యాండోవర్ చేయవచ్చని...”

“ఎవ్వలు జెప్పిన్రు?” వెనక నుంచి గొంతు వచ్చింది. యాదమ్మ లేచి నిలబడింది.

నాకు వెంటనే అర్థం కాలేదు. “మీరే కదమ్మా, ఆ రోజు నడుస్తుందన్నారు” అన్నాను.

“నేను నడుస్తది అన్న. మంచిగ నడుస్తాంది అన్ననా? నడుస్తది అంటె ఏంది మేడం? కూరల ఉప్పు తక్కువైతె నడుస్తది అంటం. సెప్పు తెగితె పిన్నీసు వెట్టుకొని నడుస్తది అంటం. ఏం జేస్తం, దినాలు ఎల్లదీసుడు గదా. గది మంచిగున్నట్టా?”

సభలో కొందరు నవ్వారు. ఆమె నవ్వలేదు. “నీళ్లు వాసనొస్తున్నయంటె నోటితో జెప్తె సాలు, రాసుడెందుకు అంటరు. రాయనియ్యరు. మా వాడ పైపు మోరీ పొంటి పోతది. గా సంగతి సర్పంచ్ సాబ్ ముంగట ఎట్ల జెప్పాలె? నడుస్తది అంటె మీకే సమజైతదనుకున్న.”

మైకు కిందికి దించాను. మా వైపు ‘నడుస్తుంది’ అంటే పని జరుగుతోందని. ఇక్కడ ‘నడుస్తది’ అంటే సర్దుకుపోతున్నామని. ఇది నాకు తెలియని సంగతా? కూరగాయల బండి దగ్గర చిరిగిన నోటు ఇస్తే అటూ ఇటూ తిప్పి, ముఖం చిట్లించి, “నడుస్తది తియ్యి” అన్నప్పుడు నాకు చక్కగా అర్థమయ్యేది. నా నోటు చెల్లినప్పుడు తెలిసిన అర్థం, ఆమె నీళ్ల దగ్గర తెలియకుండా పోయింది. నిజం చెప్పాలంటే ఆ రోజు నేను వినలేదు. ఆమె చెప్పాల్సిన జవాబు ఏమిటో నేనే ముందుగా అనుకుని కూర్చున్నాను.

ఇంటికి రాగానే టీమ్ లీడర్‌కు మెయిల్ రాశాను. తప్పు నాదేనని, ఆమె అన్నదాని అసలు అర్థం ఇదని, పరీక్షించాల్సింది ఆఫీసు నల్లా కాదు, యాదమ్మ వాళ్ల వాడ నల్లా అని రాశాను. జవాబు మర్యాదగా వచ్చింది. మీ నిజాయితీకి కృతజ్ఞతలు, కానీ పై కమిటీ ఆమోదం అయిపోయింది, రెండో విడత ఊళ్ల ఎంపిక పూర్తయింది, మీరు చెప్పినది తప్పక రికార్డు చేస్తాం అన్నాడు. చేశారు కూడా. చివరి రిపోర్ట్‌లో ఒక పేజీ అడుగున చిన్న అక్షరాల్లో రెండు లైన్లు ఉన్నాయి. అంత పెద్ద తప్పుకు అంత చిన్న చోటు దొరికింది.

ఆ వానాకాలం మోరీ పొంగి, మురుగునీళ్లు ఆ వాడ పైపులోకి దిగాయి. ఇంటింటికీ వాంతులు, విరేచనాలు. యాదమ్మ మనవరాలు నాలుగో తరగతి పిల్ల, ఆ పిల్లకు గ్లూకోజు పెట్టి ప్రభుత్వాసుపత్రిలో పడుకోబెట్టారు. బతికి బయటపడింది. సంస్థలో పనిచేసే ఒకాయన ఫోన్‌లో చెబితే తెలిసి, నేను వాళ్ల ఇంటికి వెళ్లాను. ఇంటి ముందు నీళ్ల క్యాన్ ఉంది. ఇంతకు ముందు గాజు గొట్టం ఉండే పెట్టెలో ఇప్పుడు పిల్ల మందులున్నాయి. పరీక్ష మందు అయిపోయిందట, అడిగితే ప్రాజెక్టు అయిపోయిందన్నారట.

నా స్నేహితులు ఓదార్పుగా అంటారు, నువ్వు సరిగ్గా చెప్పినా ఆ సాయం వచ్చేదని ఏముంది, వచ్చినా వానలకు ముందే పైపు వేసేవాళ్లా అని. కావచ్చు. తెలియదు. కానీ నేను సరిగ్గా చెప్పి ఉంటే, సాయం రాకపోవడం వాళ్ల తప్పు అయ్యేది.

“నా వల్లే ఇదంతా” అన్నాను యాదమ్మతో. తిడుతుందనుకున్నాను. తిడితే బాగుండునని కూడా అనుకున్నాను. ఆమె పిల్ల నుదురు మీద చెయ్యి వేసి చూసి, నా వైపు తిరిగింది.

“నీకు సమజ్ కాకుంటె నన్ను ఇంకొక్కపారి అడిగితె అయిపోతుండె గదా బిడ్డా” అంది. “నేను ఆడ్నే ఉంటి.”



ఇప్పుడు అడుగుతున్నాను. ఎవరైనా ఒక్క మాటలో జవాబిస్తే, ఇంగ్లీషు వైపు తిరిగే ముందు, ‘అంటే ఏమిటమ్మా, ఇంకోసారి చెప్పండి’ అంటున్నాను. వాళ్లలో వాళ్లు అనుకున్న మాటలు కూడా చేరవేస్తున్నాను. టీమ్ లీడర్లు గడియారం చూసుకుంటారు, చూసుకోనీ. వేగంగా చెబుతానన్న పేరు పోయింది, పోనీ. దేశాల మధ్య ఒప్పందాలు, కమిటీలు, నియమాలు ఎంత పద్ధతిగా ఉన్నా, అవన్నీ చివరికి నాలాంటి ఒక మనిషి చెవిలోంచే వెళ్లాలి. ఆ చెవి మూసుకుపోతే అవతల ఎంత మంచివాళ్లు కూర్చున్నా లాభం లేదు. ఈ మధ్య కీసర దగ్గర ఒక ఊళ్లో ఒకామె ‘ఏం లేదు సార్, మంచిగనే ఉన్నది’ అంది. రెండోసారి అడిగాను. ఇక పావుగంట చెప్పింది. ఆమె కష్టమంతా ఒక్క ముక్క పోకుండా ఇంగ్లీషులో చెప్పాను. అందరూ నన్ను మెచ్చుకున్నారు. ఇంత తేలికైన ప్రశ్న, ఇది ఆ రోజు యాదమ్మను అడగలేదే అని కారులో కూర్చుని ఏడ్చాను.