ఒక డబ్బా ఎక్కువ

నా చేతిరాత కోడి కెలికినట్టు ఉంటుంది. ఊరి బడిలో నాలుగో తరగతి దాకా చదివాను. ఒత్తులు తప్పితే సర్దుకుని చదవండి.

మా వదిన పోయింది. పోయిన నెల ఒక మంగళవారం పొద్దున చాయ్ తాగి, గ్లాసు కడిగి బోర్లించి, గోడకు ఆనుకుని కూర్చుంది. మళ్లీ లేవలేదు. అన్న ఆమెకంటే ముందే పోయాడు. ఆమె గురించి నాలుగు మాటలు రాయమని బస్తీవాళ్లు అన్నారు. మాట్లాడమంటే నావల్ల కాదని వాళ్లకు తెలుసు.

మాదాపూర్‌లో చెరువు పక్కన మా బండ్లు వరుసగా ఉండేవి. వదినది మిర్చిబజ్జీల బండి, నాది మక్కకంకుల బండి. ఆ పక్కన గాజులామె, చివర పిల్లలను గుర్రమెక్కించి తిప్పే చాచా. నలుగురమూ ఆదివారం కోసమే చూసేవాళ్లం. చెరువు చూడడానికి జనం వస్తేనే మాకు పొయ్యి వెలిగేది. అందరూ కేకలేసి పిలిచేవారు, నేను కంకులు తిప్పుతూ తల వంచుకునేవాణ్ని.

"అమ్ముతున్నవా మరిదీ, దాస్తున్నవా?" అనేది వదిన.

తెలంగాణ కావాలని ఊరంతా లేచిన రోజులొచ్చాయి. మేమూ జెండా పట్టినవాళ్లమే. కానీ బంద్ మీద బంద్, ర్యాలీ మీద ర్యాలీ. షికారుకు ఎవరు వస్తారు? పడవలు ఒడ్డునే కట్టేసి ఉన్నాయి. నా కంకులు ఎండి గింజలు రాలాయి. ఇక లాభం లేదని, బండి అమ్మేసి ఊరికి పోయి కూలి చేసుకుందామనుకున్నాను. పాత ఇనుము కొనేవాడు సోమవారం వస్తానన్నాడు. సంగతి వదినకు చెప్పలేదు. అయినా తెలిసింది.

"బండి అమ్ముతున్నవంటగా?"

"ఎవ్వలొస్తలేరు గద వదినా."

ఆమె చెరువు వైపు చూసింది. నీళ్లలో ఒక కొంగ నిలబడి ఉంది.

"ఒంటికాలి మీద కొంగ నిలవడతది. మనం కొంగలమా? ఇంకో కాలు ఎక్కడ పెట్టాల్నో జర సూడు."

ఎక్కడ పెట్టాలో ఆమెకూ అప్పటికి తెలియదు. సోమవారం లోపలే తెలిసింది.

ఆ శుక్రవారం ఆఫీసుల ముందు రోడ్డు మీద వంటావార్పు పెట్టారు. రోడ్డుకు అడ్డంగా పొయ్యిలు పెట్టి, వండి, అక్కడే తినడం. అన్ని బస్తీలకూ తలా ఒక వంటకం పంచారు. మాకు పప్పుచారు వచ్చింది. వదిన వింటుందా? "వట్టి పప్పుచారు మోసుకపోతే నగుబాటు గాదా?" అని ఒక పెద్ద దేగ్చా బగారన్నం కూడా వండింది. ప్రతి బస్తీవాళ్లూ సరిగ్గా అలాగే అనుకున్నారట! రోడ్డు నిండా అన్నమే. తినేవాళ్లు తిన్నారు. ఆ తర్వాత ర్యాలీ ముందుకు కదిలింది. మా దేగ్చా సగం అలాగే ఉంది.

ఆ రోజు హోటళ్లన్నీ బంద్. మెడలో కార్డులు వేసుకున్న ఆఫీసు పిల్లలు గేటు అవతల నిలబడి వాసన చూస్తున్నారు.

"పో, పిలువు," అంది వదిన.

ఒక విస్తరి తీసుకుని పోయి, గేటు దగ్గరున్న ఒక పిల్ల ముందు చాపాను. ఆ పిల్ల వెనక్కి తగ్గింది.

"మాది కర్నూలు. మమ్మల్ని ఏమన్నా అంటారేమో అని..."

వదిన గరిటె ఎత్తి అక్కడి నుంచే అరిచింది. "అంటం బిడ్డా! విస్తరిల మెతుకు ఇడిస్తే అంటం!"

గేటు తెరుచుకుంది. దేగ్చా అడుగు కనిపించింది. ఆ పిల్ల చేయి కడుక్కుని అడిగింది.

"రేపు కూడా ఉంటుందా పెద్దమ్మా?"

"రేపు వంటావార్పు లేదు బిడ్డా."

"అది కాదు. అన్నం."

వదిన నా వైపు తిరిగింది. నాకింకా అర్థం కాలేదు. "నీ బండి మీది బొగ్గుల పొయ్యి తీసెయ్ మరిదీ. గిన్నెలు పెడుదం."

సోమవారం పాత ఇనుమువాడు వచ్చి, బండి మీది వంకాయకూరతో కడుపునిండా తిని, ఉత్త చేతులతో పోయాడు.

అట్లా ఇంకో కాలు దొరికింది. మాదాపూర్ ఆఫీసులకు, మణికొండ ఇళ్లకు అన్నం డబ్బాలు పోసాగాయి. గాజులామె హాస్టల్ ఆడపిల్లల బట్టలకు కుట్లు వేసింది. చాచా గుర్రం పెళ్లి బరాత్‌లకు పోయింది. ఆదివారం మాత్రం అందరం చెరువు దగ్గరికే వచ్చేవాళ్లం. రాష్ట్రం వచ్చింది, షికారు జనం మళ్లీ వచ్చారు. ఇంకా ఈ డబ్బాలు ఎందుకని ఆమె కోడలు అడిగితే, "కొంగనడుగు," అనేది వదిన.

ఆమెకొక అలవాటు ఉండేది. రోజూ డబ్బాలు లెక్కకు ఒకటి ఎక్కువ కట్టేది. "కొత్తగ కొలువుల చేరినోళ్లు ఎవలో ఒకలుంటరు. యాడ తినాల్నో తెల్వక నిలవడ్తరు." గేటు దగ్గర అలాంటి ముఖం వెతికి, "తిన్నవా బిడ్డా?" అని అడిగి ఇచ్చేది. అడగడం ఆమె పని. మోయడం నా పని.

పదకొండో రోజు దాటాక కోడలు మళ్లీ పొయ్యి వెలిగించింది. అలవాటు కొద్దీ ఒకటి ఎక్కువే కట్టింది. నేను తీసుకుపోయాను. గేటు పక్కన ఒక పిల్లవాడు కొత్త కార్డు సవరించుకుంటూ అటూ ఇటూ చూస్తున్నాడు. డబ్బా చంకలో పెట్టుకుని తల వంచుకున్నాను. వెనక నుంచి, "దాస్తున్నవా మరిదీ?" అన్నట్టే అనిపించింది.

"తిన్నవా బిడ్డా!"

ఎంత గట్టిగా అరిచానో, వాచ్‌మన్ కూడా, "లేదు" అన్నాడు.

సాయంత్రానికి ఆ డబ్బా కడిగి, బండి మీద బోర్లించి ఉంది. అంచు నుంచి ఇంకా నీళ్లు కారుతున్నాయి.

వదిన చేతి అన్నం తిన్నవాళ్లు ఎవరైనా ఇది చదివితే ఒక ముక్క రాయండి. తొందరగా రాయండి, నేనూ పెద్దవాణ్నే. రాసేటప్పుడు, తిన్నారో లేదో కూడా రాయండి.