కచ్చా కుట్టు

నా చిన్నప్పుడు పన్నెండు జాకెట్ల చేతులు టాటానగర్ దగ్గర పర్సుడీహ్‌లో మా ఇంటినీ పక్కింటినీ పది రోజులపాటు కుదురుగా ఉండనివ్వలేదు. ఇన్నేళ్ళకి నవ్వు రావాలి కదా, రాదు. మా డాన్సు మేడం పేరు చెబితే ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.

నేనప్పుడు ఐదో తరగతి. స్కూలు వార్షికోత్సవంలో పన్నెండుమందిమి డాన్సు చేయాలి. డ్రెస్సులు కుట్టే పని మా పక్కింటి అత్తకి వచ్చింది. వరసకి అత్తేమీ కాదు. శ్రీకాకుళం వైపు నుంచి వచ్చిన మా రెండు కుటుంబాల మధ్య పిలుపు అలా స్థిరపడిపోయింది. మామ టాటానగర్ స్టేషన్లో పనిచేసేవాడు. అత్త అప్పటిదాకా ఇరుగుపొరుగుకే కుట్టేది. ఈ పని బాగా చేస్తే స్కూలు యూనిఫాంలన్నీ తనకే ఇస్తామన్నారు. ఇంటి ముందు టైలర్ అని బోర్డు పెట్టుకోవాలని ఆవిడకి ఎన్నాళ్ళ నుంచో ఆశ.

మా నాన్న గూడ్స్ షెడ్డులో గుమాస్తా. ఆయనకి కాగితం మీద లేనిది లోకంలోనే లేదు. ఏ రంగు, ఎంత పొడవు, చెయ్యి ఎక్కడిదాకా, అన్నీ ముందే రాసి మేడం చేత సంతకం పెట్టించమన్నారు. ఆయనే హిందీలో చక్కగా రాసిచ్చారు. మేడం చదవకుండానే సంతకం పెట్టింది. అత్త మోచేతిదాకా వచ్చే చేతులు పన్నెండు జతలు కత్తిరించింది. మర్నాడు మేడం బుట్ట చేతులు కావాలంది. సంతకం సంగతి గుర్తుచేస్తే, అది నిన్నటి ఆలోచన అంది. నాన్న ఆ కాగితం పట్టుకుని స్కూలుకి వెళ్ళి వాదించి గెలిచి వచ్చారు. గెలిచి ఏం లాభం? మేడంకి కావలసింది మాత్రం బుట్ట చేతులే.

అత్తకి విసుగొచ్చి, మేడం మనసు తేలేదాకా కత్తెర ముట్టనని కూర్చుంది. అదీ పనిచేయలేదు. ఎదురుగా బట్ట లేకపోతే మేడం మాత్రం దేన్ని చూసి తేల్చుకుంటుంది? రెండు రోజులు ఊరికే పోయాయి.

మూడో రోజు అత్త బట్టంతా నేల మీద పరుచుకుని పనిని రెండుగా విడదీసింది. పిల్లల ఒంటి కొలతలు మేడం మార్చలేదు కాబట్టి భుజాలు, పక్కలు, నడుం పట్టీ పన్నెండింటికీ మిషన్ మీద పక్కాగా కుట్టేసింది. చేతులు, అంచు, లంగా పొడవు మాత్రం నా ఒక్కదాని డ్రెస్సుకే పెట్టి, పొడుగు పొడుగు పోగులతో కచ్చా కుట్టు వేసింది. దారం కొస లాగితే ఊడొచ్చే కుట్టు. రోజూ నాకు అది తొడిగి మేడం దగ్గరికి పంపేది. మేడం ఏదో ఒకటి మార్చేది, అత్త ఊడదీసి మళ్ళీ వేసేది. గుండుసూదులు మాత్రం నాకే గుచ్చుకునేవి. డాన్సు అంటేనే విరక్తి పుట్టింది.

అలా ఒకరోజు మేడం నన్ను చూసి "కల్‌వాలా ఫైనల్" అంది. నేను పరుగున వచ్చి, నిన్నటి బుట్ట చేతులే ఖాయమని అత్తకి చెప్పాను. హిందీలో నిన్నకీ రేపుకీ ఒకటే మాట, కల్. రేపు పెద్ద మేడం, అంటే మా హెడ్‌మిస్ట్రెస్, చూసి చెప్పేదే ఖాయమని మా మేడం ఉద్దేశం. వీధిలో హిందీ, ఇంట్లో తెలుగు మాట్లాడే నాకు నిన్ననే తోచింది. సాయంత్రానికల్లా అత్త పన్నెండు జాకెట్లకీ బుట్ట చేతులు పెట్టేసింది.

మర్నాడు పెద్ద మేడం వచ్చి మామూలు పొట్టి చేతులు చాలంది. వార్షికోత్సవం ఇంకో రెండు రోజులే. అత్త ఆశ నా నోటి వల్లే పోయిందనుకుని, ఏడుస్తూ ఇంటికొచ్చి జరిగింది చెప్పాను. అత్త ఒక జాకెట్ తీసి దారం కొస లాగింది. చెయ్యి ఊడి ఆవిడ ఒళ్ళో పడింది. పన్నెండూ కచ్చా కుట్టే.

"ఫైనలని మీ మేడం ఇప్పటికి మూడుసార్లు సెప్పిందే," అంది. "ఆ మాట నమ్మి నాను మిషనెక్కిత్తానా? ఏడకు. సేతులు కడుక్కునొచ్చి దారాలు లాగు."

బుట్ట చేతుల్లో గుడ్డ ఎక్కువే కాబట్టి పొట్టి చేతులు సులువుగానే వచ్చాయి. మర్నాడు పొద్దున్న అందరికీ తొడిగి చూపించి, మేడం తల ఊపగానే అత్త అన్నిటినీ పక్కా చేసేసింది. మధ్యాహ్నానికి మేడం జరీ అంచు కావాలని కబురంపింది. పక్కా అయిపోయింది, ఇంక మార్చేది లేదని అత్త నా చేతే చెప్పించింది. నా చదువంతటిలో అంత ఇష్టంగా హిందీ ఎప్పుడూ మాట్లాడలేదు.

యూనిఫాంల పని అత్తకే వచ్చింది. బోర్డూ కట్టారు. మళ్ళీ నన్నే నిలబెట్టి సూదులు గుచ్చుతుందేమోనని భయపడుతూ వెళితే, అత్త గుడ్డని మడతల మీద మడతలు వేసి దొంతరలుగా కోసేస్తోంది. ఎదురుగా గోడకి నాన్న రాసిచ్చిన యూనిఫాం కొలతల కాగితం. దీనికి కచ్చా కుట్టు వెయ్యవా అని అడిగాను.

"ఇదేటి మారతాదే? నువ్వు పుట్టకముందు నించీ ఇదే కాలరు. దీనికి మీ నాన్న కాయితమే సాలు."

తరవాత నేను ఒక చిన్న కాంట్రాక్టు కంపెనీలో ప్లానింగ్ పనిలోనే ముసలిదాన్నయ్యాను. ఏ కొత్త పని వచ్చినా రెండు పక్షాలే. అంతా ముందే రాసుకుందామని ఒకరు, రాత ఎందుకు వారం వారం చూపించి మార్చుకుందామని ఇంకొకరు. ఒక్కో పద్ధతికీ ఒక్కో ఇంగ్లీషు పేరు పెట్టుకుని, మతం పుచ్చుకున్నట్టు కొట్టుకుంటారు. రిటైరైనా నన్ను వదల్లేదు, మొన్న మళ్ళీ పిలిచారు. గంటన్నర విని తల వాచిపోయి, ఈ పనిలో ఏది మారుతుంది, ఏది మారదు అని అడిగాను. మళ్ళీ ఆ ఇంగ్లీషు పేర్లే అందుకున్నారు.

అత్త పోయి చాలా ఏళ్ళయింది. ఆ జాకెట్ల తరవాత ఏ పని చేతికి వచ్చినా ముందు బట్ట పరుచుకుని, కత్తెర పక్కన పెట్టి, కాసేపు ఊరికే చూస్తూ కూర్చునేది. ఆవిడ దగ్గర నేను తెచ్చుకున్నది ఆ కాసేపే. ముసలమ్మ నస అని ఎంత విసుక్కున్నా సరే, అది అయ్యేదాకా నేను ఎవరినీ కత్తెర పట్టనివ్వను.