తొండకి తూకం

ఎడారి జీవికి బెజవాడ ఎండ ఎక్కువైపోతుందని జాలిపడిన మనిషిని ఈ లోకంలో నేనొక్కణ్ణే అయి ఉంటాను. ఆ జాలితోనే దాన్ని దాదాపు చంపేశాను.

రెండు వేల సంవత్సరం దాటిన కొత్తల్లో, బదిలీ మీద వెళ్తున్న ఆఫీసు మిత్రుడొకాయన తన బియర్డెడ్ డ్రాగన్ని గాజుపెట్టెతో సహా నాకు అంటగట్టాడు. ఆస్ట్రేలియా బల్లి అది. కోపమొస్తే గొంతు కింద గడ్డంలా ఉబ్బుతుంది. పేరుకి డ్రాగనే గానీ మా ఇంట్లో అందరికీ తొండే.

"వారం వారం బరువు చూడండి. జబ్బు చేసినా పైకి కనపడనివ్వదు" అని మరీ మరీ చెప్పి వెళ్లాడాయన.

గ్రాముల్లో తూచే త్రాసు మా పేటలో కంసాలిగారి దగ్గరే ఉంది. తొండని పళ్లెంలో పెట్టగానే, గొలుసు చూసుకుంటున్న ఒకావిడ స్టూలెక్కేసింది. కంసాలిగారు మాత్రం చలించలేదు.

"ఎన్ని క్యారెట్లండీ ఇది?"

"క్యారెట్లు కూడా ముట్టడం లేదండీ. అదే నా బాధ."

నిజంగానే తిండి మానేసింది. మే నెల కదా, పాపం ఉడికిపోతుందని పెట్టెని కూలర్ ముందే ఉంచాను. వారం వారం బరువు పడిపోతూనే ఉంది.

మా బావమరిది కైకలూరు వైపు చేపల చెరువులు చేస్తాడు. ఆదివారమొస్తే భోజనానికి మా ఇంట్లో దిగేవాడు.

"తొండకి తూకమేంటి బావా! గుమ్మడికాయలా ఉంటేనూ!"

"నిన్ను చూసి ఉబ్బిందిలే. నువ్వు చేపల్ని తూచట్లేదా?"

"మాది వ్యాపారం. వలేసి నాలుగు పట్టి, తూకం చూశాకే మేత వేస్తాం. అమ్ముకునేదాన్ని తూస్తారు గానీ, దీన్నెవడు కొంటాడు? అక్కా, బావని ఎవరికైనా చూపించవే!"

మా ఆవిడ నవ్వాపుకోలేక పులుసు ఒలకబోసింది.

అమ్ముకోవడానికి తూస్తే వ్యాపారం, బతికించుకోవడానికి తూస్తే పిచ్చి! ఆ మాట నాకు మింగుడుపడలేదు. ఊరంతా నవ్వినా సరే, తూచి తీరతాననుకున్నాను. ఉబ్బుని నమ్మేవాళ్లు నమ్ముకోనీ, నేను త్రాసు ముల్లునే నమ్ముతాను.

ఒకరోజు పొద్దున్నే కరెంటు పోయింది. గదిలో ఉక్కకి తట్టుకోలేక పెట్టెని డాబా మీదికి మోసుకెళ్లి, పిట్టగోడ నీడలో దింపి మూత తీశాను. అది బయటికి పాకి, నీడ దాటి నేరుగా ఎండలోకి పోయింది. ఒళ్లు అట్టులా పరుచుకుని కళ్లు మూసుకుంది. కాసేపటికి లేచి, పక్కన వాలిన మిడతని గుటుక్కున మింగేసింది.

అప్పటికి గానీ నా బుర్ర వెలగలేదు. వెచ్చదనం లేకపోతే దానికి అరగదు. అరక్క తినలేదు. రోగం నా కూలర్‌ది.

ఆ మర్నాటి నుంచి రోజూ పొద్దుటెండ. వారం తిరిగాక కంసాలిగారే కేకేశారు, "పెరిగిందండోయ్!" అని.

ఆ ఆదివారం బావమరిది చేతులు కడుక్కుని వచ్చేసరికి, వంటింటి గుమ్మంలో బరువు మిషన్ అడ్డంగా పెట్టి నిలబడ్డాను. మా ఆవిడ ఎప్పుడో కొన్నదే, అంతవరకూ ఇంట్లో ఎవరికీ ఎక్కే ధైర్యం చాలలేదు.

"ఏంటి బావా ఇది?"

"తూకం చూశాకే మేత."

"అక్కా, చూడవే!"

"ఎక్కరా, అన్నం చల్లారిపోతోంది" అంది వాళ్లక్క.

ఎక్కాడు. ఊపిరి బిగబట్టి, పొట్ట లోపలికి లాక్కున్నాడు. ముల్లు దానికీ మోసపోలేదు.