కదిలే బండి, కదలని అవ్వ

ఆ రోజుల్లో మా ఇంట్లో ఫోటో దిగడమంటే ఊపిరి బిగబట్టే పని. తెలంగాణ వచ్చిన కొత్త. మంచి ఫోన్లు అప్పుడప్పుడే అందరి చేతుల్లోకి వస్తున్నాయి గానీ, ఫోటో దిగే పద్ధతి మాత్రం మావాళ్లకు ఇంకా స్టూడియో కాలం నాటిదే. ఎవరైనా ఫోను ఎత్తితే చాలు, మా అవ్వ (నాయినమ్మను మేము అట్లాగే పిలుస్తాం) నెత్తి మీదికి కొంగు లాక్కొని, రెండు చేతులూ మోకాళ్ల మీద పెట్టుకొని, కళ్లు పెద్దవి చేసి బిగుసుకుపోయేది. "అయిందా?" అని పెదవి కదపకుండా అడిగేది. రేషన్ కార్డులో, ఆధార్ కార్డులో, పింఛను పుస్తకంలో అవ్వది ఒకటే ముఖం, ఎదురుగా ఎవరో తుపాకి పట్టుకొని నిలబడ్డట్టు. అట్లాంటి అవ్వను, అదీ నడుస్తున్న కారులో ఫోటో తీసి, మా అన్న బతుకుదెరువు నిలబెట్టినదాన్ని నేను. గొప్పలు చెప్పుకుంటోంది అనుకోకండి. (అనుకున్నా ఫరవాలేదు, గొప్పలే చెప్పుకుంటున్నాను.)

మాది కోస్గి. తాతల నాడు మాకు గుంట భూమి లేదు. మా ఇంట్లో రెండు తరాలవాళ్లు పార, తట్ట పట్టుకొని ఊరు గాని ఊళ్లలో కాలువలు తవ్వి బతికారు. ఆ ఇంటి ముందు మా అన్న ఒక రోజు కారు తెచ్చి నిలబెట్టాడు. సెకండ్ హ్యాండ్‌దే. ఎర్రది. ఒక తలుపు మాత్రం మిగతా మూడింటికంటే కాస్త ముదురు ఎరుపు. అయినా కారు కారే కదా! కిరాయికి తిప్పుకుందామని అన్న ఆశ. పాస్టరు గారు వచ్చి బానెట్ మీద చెయ్యి పెట్టి ప్రార్థన చేశారు. ఆయన అటు పోగానే అవ్వ నాలుగు టైర్ల కింద నాలుగు నిమ్మకాయలు పెట్టించింది. "ఎవ్వల పని వాళ్లది, ఎవ్వలకు కోపం రావద్దు" అంది.

అన్న డ్రైవింగ్ నేర్చుకున్నది ట్రాక్టరు మీద. సాపు రోడ్డు మీద అన్నకు ఎదురు లేదు. ఎత్తు మీద ఆగాల్సి వస్తే మాత్రం బండి మళ్లీ కదిలేది కాదు, కదిలితే వెనక్కి కదిలేది. కారు కొన్న వారంలోనే చెరువు కట్ట ఎక్కుతూ, బర్రె అడ్డం వస్తే ఆపాడు. అంతే, బండి జారుకుంటూ వెనక్కి పోయి ఒక గడ్డివాములో సగం దాకా దిగబడింది. ఎవరికీ ఏమీ కాలేదు గానీ, ఆ గడ్డివాము కథ మా వాడకట్టులో పిల్లలకు అన్నం తినిపిస్తూ చెప్పుకునే దాకా పోయింది. కిరాయి అడిగేవాడు లేడు. కారు మీద మా కోళ్లు పండుకోవడం మొదలుపెట్టాయి.

అప్పుడు గుంపు మేస్త్రి మా ఇంటికి వచ్చాడు. మా దిక్కు జనాన్ని గుంపులు కట్టి పనులకు తీసుకుపోయే పెద్దమనిషి ఆయన. ఇంటివాళ్లందరినీ శ్రీశైలం తీసుకుపోతానని ఎప్పటి నుంచో మొక్కు. ఆయన ఒక బండి మాట్లాడుకున్నాడంటే మా మూడు వాడలూ ఆ బండే మాట్లాడుకుంటాయి, అంత పలుకుబడి. కారు చుట్టూ తిరిగి చూసి, అన్నను ఎగాదిగా చూశాడు.

"ఏం రా, కట్ట మీదికెల్లే ఎనుకకు జారినోనివి, శ్రీశైలం ఘాట్ ఎక్కిస్తవా? నా పెండ్లాం పిల్లల్ని నీ చేతుల వెట్టాలె నేను."

"ఎక్కిస్త కాకా. జర నమ్ము."

"ఉట్టి మాటలద్దు. నువ్వు ముందుగాల ఒక్కసారి పోయి రా. నీ బండి ఘాట్ ఎక్కంగ ఫోటో తీస్కరా. గుడి ముంగట నిలవెట్టిన ఫోటో నాకద్దు, గది ఎవడైన దిగుతడు. బండి నడుస్తుండాలె. నడుస్తున్నట్టు నాకు కనవడాలె. గప్పుడు మాట్లాడుదం."

మేస్త్రి కాదంటే ఇక కారు అమ్ముకోవడమే. అప్పుడే డిగ్రీ అయిపోయి ఒక ప్రైవేటు బడిలో టీచరమ్మగా చేరిన రోజులు నావి. జీతం కూడబెట్టి కెమెరా బాగుంటుందన్న ఫోను కొన్నాను. పూలూ, మబ్బులూ తీసి స్టేటస్ పెట్టి, నేనొక పెద్ద ఫోటోగ్రాఫర్‌నని గట్టి నమ్మకంతో ఉన్నాను. "ఫికర్ చెయ్యకన్నా, నేను తీస్త" అన్నాను. కారు లోపల కూర్చొని అదే కారు నడుస్తున్నట్టు ఫోటో ఎట్లా తీస్తారన్నది మాత్రం నాకు జడ్చర్ల దాటాక గాని తట్టలేదు.

తెల్లవారకముందే బయలుదేరాం. అన్న పక్కన ముందు సీట్లో నేను, నా వెనక అవ్వ, అవ్వ పక్కన జొన్నరొట్టెల డబ్బాతో చిన్నమ్మ. చిన్నమ్మ నా ఫోనుకు నీలం రిబ్బన్ కట్టి, ఆ రిబ్బన్ కొసను నా మణికట్టుకు ముడేసింది. "జారి వడితె రోడ్డు మీద ఏడ ఎతుకుతవే?" అంది. (బడిలో పిల్లలకు జడలు వేసుకొని రమ్మని చెప్పే రిబ్బన్ అది. నా పరువు అక్కడే సగం పోయింది.) ఇక కిటికీ అద్దం దించుదామని వేలు పెడితే చాలు, వెనక నుంచి చిన్నమ్మ అరుపు. "ఓ పిల్లా, ఏసీ పోతది! బుక్కెడు సల్లగాలి గూడ మా పాలిటికి ఉండద్దా?"

అద్దం లోపలి నుంచే తీయడం మొదలుపెట్టాను. జడ్చర్లలో వంతెన తీస్తే అన్న చెవి వచ్చింది. కల్వకుర్తి దగ్గర గొర్రెల మందను తీస్తే, మంద మధ్యలో చిన్నమ్మ రొట్టెల డబ్బా తళతళా మెరుస్తూ వచ్చింది. చెట్లయితే చెట్లే కావు, ఎవరో పచ్చరంగు గుడ్డతో తుడిచినట్టు గీతలు. "ఇదే కళ" అని నాకు నేనే చెప్పుకొని, వెనక్కి తిరిగి కారులోపల ఫోటో తీశాను. నేను ఫోను తిప్పడం ఆలస్యం, అవ్వ కొంగు లాక్కుంది, మోకాళ్ల మీద చేతులు పడ్డాయి, ఊపిరి ఆగింది. బండి ఎనభై మీద పోతుంటే లోపల అవ్వ మాత్రం ఎంపీడీవో ఆఫీసు బెంచీ మీద కూర్చున్నట్టు ఉంది.

"అవ్వా, జర కదులు. బండి నడుస్తుంది గద!"

"కదిలితె ఫోటో కరాబైతది బిడ్డా" అంది పెదవులు కదపకుండా.

అన్న ఓరకంట ఫోను చూసి నిట్టూర్చాడు. "గిది సూస్తె మేస్త్రి ఏమంటడో ఎరికేనా? బండి మనింటి ముంగటనే ఉన్నదంటడు."

మన్ననూరు దాటి అడవిలోకి పోయే ముందు ఫారెస్టు గేటు దగ్గర ఒకాయన మా కారు ఆపి చెప్పాడు. "పులులు దిరిగే జాగ. నడుమ బండి ఆపొద్దు, దిగొద్దు, కోతులకు ఏం వెయ్యొద్దు." ఆ మాట విన్న మా అన్న ముఖం వెలిగిపోయింది. ఎత్తు మీద ఆపకూడదని సర్కారే చెప్పాక ఇక ఆయనకేం కావాలి! నేను కిందికి దిగి మలుపు దగ్గర నిలబడి తీస్తానంటే, "రూలంటె రూలే చెల్లె. మనమే తప్పితె ఎట్ల?" అన్నాడు. (బైకు మీద హెల్మెట్ పెట్టుకొమ్మని పోలీసాయన చెప్తే పొలాల గట్ల మీది నుంచి తప్పించుకొని వచ్చిన మనిషి ఈయన.)

అడవి దాటాం, ఘాట్ దిగాం, కృష్ణ మీది వంతెన దాటాం. ఇక ఎక్కుడు. స్టీరింగు మీద అన్న చేతులు తడిసి మెరుస్తున్నాయి. మా ముందు ఇటుకల లారీ ఒకటి మూలుగుతూ ఎక్కుతోంది, మా వెనక రెండు కార్లూ ఒక బస్సూ. రెండు మలుపులు తిరిగేసరికి మా బండి కూడా మూలగడం మొదలుపెట్టింది.

"చిన్నమ్మా, ఏసీ బంద్ చేస్తున్న. బండి గుంజుతలేదు" అన్నాడు అన్న.

చిన్నమ్మ తన రాజ్యం పోయినట్టు చూసింది గానీ, లోయ వైపు ఒకసారి తొంగిచూసి తనే అద్దం దించింది. నాలుగు కిటికీలూ తెరుచుకున్నాయి. గాలి ఒక్కసారి లోపలికి దూకింది. సరిగ్గా అప్పుడే పైనుంచి బస్సు దిగుతూ మలుపులోకి వచ్చింది. ఇటుకల లారీ ఆగింది. మేమూ ఆగాం, ఆగక తప్పలేదు.

బస్సు దాటిపోయింది. లారీ పొగ వదిలి కదిలింది. అన్న బ్రేకు మీది నుంచి కాలు తీశాడు, బండి జానెడు వెనక్కి జారింది. వెనక కారువాడు హారన్ మోగించాడు. "యేసయ్యా! ఓ మల్లన్నా!" అని చిన్నమ్మ ఇద్దరినీ ఒకే ఊపిరిలో పిలిచింది. నాకు ఫోటో లేదు, గీటో లేదు, మా అన్న వెనక్కి జారకుండా ఉంటే చాలనుకున్నాను. అన్న పెదవి కొరుక్కొని క్లచ్ మీది కాలిని వెంట్రుకంత వెంట్రుకంత లేపాడు. బండి చలిజ్వరం వచ్చినట్టు వణికింది. వణికి, వణికి, ఆగింది అనుకున్నంతలో ఒక్క ఊపున ముందుకు లేచింది!

"లేసిందే! నా మనుమని బండి లేసిందే!"

ఆ కేక అవ్వది. నేను వెనక్కి తిరగబోతుంటే నా పక్కనున్న సైడు అద్దంలో కనిపించింది. కిటికీలోంచి తల బయట పెట్టి, ముందు పోతున్న ఇటుకల లారీని చూసి చెయ్యి ఊపుతూ నవ్వుతోంది. కొంగు జెండాలాగ వెనక్కి ఎగురుతోంది. ముడి ఊడిపోయి తెల్లటి వెంట్రుకలు గాలిలో ఉన్నాయి. పై పన్ను ఒకటి లేని సంగతి లోకానికంతా తెలిసేట్టు నోరు తెరిచి నవ్వుతోంది. ఆమె పక్కన మా ఎర్ర తలుపు, ఆమె వెనక మేము ఎక్కి వచ్చిన మలుపు, దానికింద ఇంకో మలుపు, అన్నీ ఆ బెత్తెడు అద్దంలోనే ఉన్నాయి. కిటికీ బయటికి చేయి చాపి వరుసగా నొక్కాను. ఆ తర్వాతే "అవ్వా, తల లోపట వెట్టు!" అని అరిచాను. అవ్వ నా వైపు చూసి, ఫోను చూసి, గభాలున కొంగు సర్దుకొని మళ్లీ బిగుసుకుపోయింది.

పైకి చేరాక కారు నీడన పెట్టి చూసుకున్నాం. ఒక్కటి, ఒక్కటంటే ఒక్కటే వచ్చింది. చుట్టూ రోడ్డు, కొండ, అంతా అలుక్కుపోయి, అద్దంలో అవ్వ మాత్రం నిఖార్సుగా ఉంది. అన్న చాలాసేపు చూసి, నా నెత్తి మీద ఒక మొట్టికాయ వేశాడు. మా ఇంట్లో మెచ్చుకోవడం అట్లాగే ఉంటుంది. అవ్వ మాత్రం ఫోటో చూసి మండిపడింది. "ఇదేం ఫోటోనే! కొంగు లేదు, కొప్పు లేదు, దయ్యమోలె ఉన్న. తీసెయ్!"

మరునాడు మేస్త్రి మా అరుగు మీద కూర్చొని నా ఫోను చేతికి తీసుకున్నాడు. ఒక్కొక్కటే జరుపుతూ, "గిదేంది, చెవా? గిదేంది, డబ్బానా?" అని అడుగుతుంటే అన్న నేల చూపులు చూస్తున్నాడు. ఆ ఫోటో దగ్గర మేస్త్రి వేలు ఆగింది. పెద్దది చేసి చూశాడు. దగ్గరికి పెట్టుకున్నాడు, దూరం పెట్టుకున్నాడు. వాకిట్లో చింతపండు పిక్కలు తీస్తున్న అవ్వ వైపు చూశాడు.

"నా గుంపుల లారీ ఎక్కిన కాలంల ఈమె తల ఎత్తంగ సూడలే నేను" అన్నాడు. "ఘాటొస్తె మోకాళ్ల నడుమ మొఖం వెట్టుకొని కండ్లు మూస్కునేది. గీ మనిషి గిట్ల నవ్వుతదని నాకు ఎరికనే లేకుండె."

అవ్వ పిక్కలు తీస్తూనే ఉంది. మేస్త్రి ఫోను నాకిచ్చి లేచి, అన్న భుజం మీద చెయ్యి వేశాడు.

"సోమారం పొద్దుగాల బండి తీస్కరా. మా ముసల్ది గూడ ఘాటంటె భయపడ్తది. దాన్ని నీ అవ్వ కూసున్న తాన్నే కూసోవెడ్త." రెండడుగులు వేసి మళ్లీ తిరిగాడు. "గీ పిల్లను గూడ తోల్కరా. ఫోటోలకు."

అట్లా మా అన్నకు మొదటి కిరాయి, నాకు కోస్గి అంతటా పేరు. ఆ తర్వాత రెండేళ్లపాటు సెలవు రోజు వస్తే చాలు, అన్న కారు మాట్లాడుకున్నవాళ్లు "ఫోటో పిల్ల వస్తదా?" అని అడిగేవాళ్లు. తీసెయ్ అని తిట్టిన అవ్వే, ఇంటికి ఎవరు వచ్చినా "ఏదే, గా పాడు ఫోటో జర సూపెట్టు" అనేది. అన్నకు ఇప్పుడు మూడు బండ్లు. ఘాట్‌లో ఎక్కడంటే అక్కడ ఆపి, మళ్లీ తీసుకుపోగలడు, రూలు మాత్రం ఒప్పుకోదు.

నేనిప్పుడు సర్కారు బడిలో పంతులమ్మను. మంచి కెమెరా ఉంది. ఎక్కడికి పోయినా దిగి, నిలబడి, వెలుగు చూసుకొని తీస్తాను. ఆకులో ఈనె కూడా కనిపిస్తుంది. అందరూ బాగుంది అంటారు, మర్చిపోతారు. మొన్న ఆ పాత ఫోటోను పెద్దగా అచ్చు వేయించి చూస్తుంటే, ఇన్నేళ్లూ నేను గమనించనిది ఒకటి కనిపించింది. అద్దంలో కింది మూలన, అవ్వ నవ్వుకు కాస్త ముందు, ఒక సన్నని చెయ్యి ఉంది. వేళ్లు తెల్లబడేట్టు ఫోనును పట్టుకొని ఉంది. నీలం రిబ్బన్ గాలికి అడ్డంగా ఎగురుతోంది. బడాయి పిల్లే, ఫోటోల గురించి దానికి ఏమీ తెలియదు. అయినా దాన్ని చూస్తే నాకు గర్వంగానే ఉంది. ఆ తర్వాత ఎన్ని కెమెరాలు పట్టుకున్నానో గానీ, అంత గట్టిగా మాత్రం దేన్నీ పట్టుకోలేదు.