బంద్ ఉన్నదా, లేదా

మా సేటు ఫోన్ల "హలో" అన్ననాడు నాటు వేస్తే, అసలు సంగతికి వచ్చేసరికి వరి కోతకు వచ్చేది. నేను ఉన్నదానికి లేనిది కలుపుతనని మావోళ్లంటరు గని, ఇందుల ఒక్క గింజ సుత కలుపలె.

ఆయన ఇల్లు కోరుట్లల, సాంచలు సిరిసిల్లల. సాంచలంటే మా దిక్కు కరెంటు మగ్గాలు. ఆ షెడ్డు చూసుకునేది నేను. సేటు మాట చెవిన పడాల్నంటే పక్క మందుల దుకాణంల ఉన్న ఫోనే దిక్కు, అది సుత ఆయన చేస్తెనే.

అన్నల కాలం అది, అంటే నక్సలైట్లది. గోడల మీద ఎర్ర రాతలు లేచినయంటే షట్టర్లు వాటంతట అవే పడేటివి. ఆసారి రేపు బంద్ అని రాసిండ్రు. వాపస్ తీసుకున్నరని ఒకడు, లేదు ఉన్నదని ఇంకొకడు. నాకేమో ఎల్లుండి పొద్దుగాల జగిత్యాల దుకాణదారుకు తువ్వాలల మూట చేరాలె. కొత్త గిరాకి. ఎన్ని కథలు చెప్పి ఒప్పిచ్చిన్నో నాకే ఎరుక. ఈ మాల్ తప్పితే నీ నౌకరి సుత తప్పుతదని సేటు ముందే అన్నడు. షెడ్డు తెరిస్తే అన్నల భయం, మూస్తే సేటు భయం. బస్సు కండక్టరుతోని కబురు పంపిన: "రేపు సాంచలు నడపాల్నా వద్దా, గదొక్కటి చెప్పు."

సాయంత్రం ఫోనచ్చింది.

"ఏం తమ్మీ, అన్నం తిన్నవా?"

"తిన్న సేటూ. రేపు..."

"ఏం కూర?"

"బెండకాయ. సేటూ, రేపు బంద్ ఉన్నదా?"

"గదే చెప్తున్న, ఆగు. పొద్దుగాల ధర్మపురి పోయినం. గోదావరి నిండుగ పారుతున్నది. వచ్చేటప్పుడు బస్సుల మా మరదలి మొగడు, గదే మా సడ్డకుడు, కలిసిండు. పెగడపల్లి దాకా తిరిగొచ్చిండట. ఆయన ఏమంటడంటే, రేపు బంద్ అనుకుంట అందరు..."

టక్కున లైను పోయింది. మళ్ల రాలె.

మన మాటల తీరే గంత. ఉన్నదో లేదో ఆఖరుకే అంటం. ఆ ఆఖరు మాట తీగలనే ఉండిపాయె. నాకు దొరికినయి రెండే ముక్కలు. షెడ్డుకు పోయి "రేపు బంద్" అన్న. నేసేటోళ్లు నూలు కండెలు ఎక్కడియక్కడ పడేసి చుట్టాలిండ్లకు పోయిండ్రు.

తెల్లారి చూస్తే పక్క షెడ్లన్ని టకటకమంటున్నయి. తాళం మాదొక్కదానికే. మొదటి బస్సుకు సేటు దిగిండు.

"షెడ్డెందుకు మూసినవ్?"

"బంద్ అన్నవ్ గద సేటూ!"

"బంద్ అనుకుంట అందరు భయపడుతున్నరు గని, అదేం లేదట అని చెప్పిన గద!"

"లేదనేది ముందుగాల్ల అంటే నోరు అరుగుతదా?"

"మంచిచెడ్డ అడగకుంట మాట్లాడతరా? మనం మనుషులమా, పోస్టు డబ్బలమా?"

నెత్తి గోడకు కొట్టుకోబుద్ధయింది. ఆఖరుకు మాట పెట్టింది ఆయన, పోయేది నా నౌకరి. చెప్పుడంటే ఎట్లనో చూపిస్తనని జగిత్యాల బస్సెక్కిన. దారి పొడుగునా ఒక్క మాటనే చెక్కుకుంట పోయిన. దుకాణం మెట్టెక్కంగనే అన్న:

"మాల్ రేపు రాదు. రెండు రోజులు ఆగాలె."

దుకాణదారు కండ్లద్దాలు తీసిండు.

"కూసోలె, నీళ్లు తాగలె. సావు కబురు తెచ్చినోడు సుత కూసున్నంకనే చెప్తడు. మీ మాల్ వద్దు, మీరొద్దు, పో."

బుద్ధెరిగినంక నేను అంత సాఫ్‌గ మాట్లాడింది అదొక్కసారే. దానికే గిరాకి పాయె.

తెల్లారి సేటే జగిత్యాల పోయిండు. నేసేటోళ్లు వచ్చిండ్రు గని సాంచల మీద తువ్వాలలు సగంల ఆగినయి. గిరాకి లేకుంటే ఎవలికని నేసేది? పొద్దుగూకేటాళ్లకు సేటు వచ్చి కుర్చీల కూలవడ్డడు.

"ఏమైంది సేటూ?"

"కూసో, చెప్త. బస్సు దిగంగనే వాన..."

"గిరాకి ఉన్నదా, పోయిందా? నా నౌకరి ఉన్నదా?"

"వరుసల రానియ్యి. దుకాణదారు తమ్ముడు దుబాయి నుంచి వచ్చిండట..."

ఆ తమ్ముడు విమానం దిగిండు, సూట్‌కేసు విప్పిండు, అత్తరు సీసాలు ఊరంత పంచిండు. నేసేటోళ్లు తలుపు కాడ నిలబడి నా మొకం చూస్తున్నరు. నేను సేటు నోరు చూస్తున్న.

"...గందుకని, దుకాణదారు మన మాల్ కోసం నాలుగు రోజులు ఆగుతనన్నడు."

"గీ మాట ముందుగాల్ల అనరాదా!"

"ముందే అంటే తర్వాతది ఎవడింటడు? ఇంకా ఉన్నది, ఆ తమ్ముడు..."

లేచి మోటర్లన్ని ఒక్కసారే ఏసిన. షెడ్డు దద్దరిల్లింది. సేటు నోరు కదులుతనే ఉన్నది. ఏమంటున్నడో వినపడలె, నేను అడగలె.