ఒక్క కూతలో ఏడుగురు

మొన్న ఆదివారం కడపలో మా అమ్మాయి ఇంట్లో టీవీలో కబడ్డీ నడుస్తుండగా నా మనవలిద్దరూ మనవరాలూ ఒక వాదన పెట్టుకున్నారు. ఆటల చరిత్రలో ఒక్క మనిషి ఒంటిగా సాధించిన వాటిలో అన్నిటికన్నా గొప్పది ఏది అని. పెద్దవాడు నూరు మీటర్లు గాలిలా పరిగెత్తినవాణ్ణి పట్టుకున్నాడు, చిన్నవాడు ఒకే ఒలింపిక్స్‌లో ఎనిమిది బంగారు పతకాలు ఈది తెచ్చుకున్నవాణ్ణి వెనకేసుకొచ్చాడు, మనవరాలు బల్లెం విసిరిన మన దేశపు కుర్రవాడే గొప్ప అని మంకుపట్టు పట్టింది. ముగ్గురూ ఫోనులు తెరిచి ఒకరి మాటకొకరు సాక్ష్యాలు చూపించుకున్నారు. ఎటూ తేలక చివరికి తీర్పు తాత చెప్పాలన్నారు. పిల్లలు సరదాకే అడిగారు గానీ, తీర్పు అన్న మాట ఎనభై దాటిన నాకు సరదా కాదు. ఎందుకంటే జన్మలో ఒకే ఒకసారి ఆటలో తీర్పరిగా నిలబడ్డాను, ఆ ఒక్కసారీ తప్పాను.

కర్నూలు రాజధానిగా ఉన్న చివరి ఏడాది అది. సర్కారు కచేరీలు డేరాల్లో నడిచేవనీ, గాలి లేస్తే కాగితాల వెంట గుమాస్తాలు పరిగెత్తేవారనీ ఇప్పుడు చెబితే పిల్లలు నవ్వుతారు. నేను ఆ ఊళ్ళో పంతుళ్ళ ట్రైనింగు ముగించుకొని బేతంచెర్ల బడిలో అయివారుగా చేరాను. మా అక్కను ఇచ్చిందీ ఆ ఊరికే కాబట్టి వాళ్ళ ఇంట్లోనే ఉండేవాణ్ణి. బావ నాపరాళ్ళ గనిలో బండలు తీసేవాడు. పొద్దు వాలేవేళకు కనుబొమ్మల మీద కూడా తెల్లటి దుమ్ముతో ఇంటికొచ్చి, తను కూర్చోకముందే అయివారు అన్నం తిన్నాడా అని అక్కను అడిగేవాడు. ఆ ఇంట్లో జొన్నరొట్టెల్లో మెత్తనిది ఎప్పుడూ నా పళ్ళెంలోనే పడేది.

పేపరు ఒక రోజు ఆలస్యంగా రైలులో వచ్చేది. స్టేషను ఎదుట సాయిబు టీ అంగడిలో దాన్ని గట్టిగా చదివి వినిపించే పని నాది. చదువు రాని గని మనుషుల మధ్య కూర్చొని లోకమంతా నా నోటి నుంచే వస్తోందన్నట్టు చదివేవాణ్ణి. ఆ అహంకారం నాకు అప్పట్లో అహంకారంగా తోచలేదు, విజ్ఞానమనుకున్నాను. ఒక రోజు ఇంగ్లండులో ఒక బౌలరు ఒకే మ్యాచిలో ఇరవై వికెట్లకు పంతొమ్మిది తానే తీశాడన్న వార్త చదివి, మనిషన్నవాడు ఆటలో ఇంతకన్నా ఒంటిగా సాధించింది లేదు, ఉండబోదు అని తీర్మానించాను. బావ గ్లాసు కింద పెట్టాడు.

"ఆయప్ప ఒక్కడే యాడ తీసినాడు రా? ఎగిరిన బంతి పట్టుకోనీకి చుట్టూ పది మంది నిలబడుకోనుండిరి గదా! గడ్డపార పెట్టినోడే బండ లేపినానంటే, తక్కిన మేమంతా గొర్లు కాస్తాండామా?"

అంగడంతా ఘొల్లుమంది. సాయిబు చెంచాతో గ్లాసు మీద టంగున కొట్టి, "అయివారు అవుటప్పా!" అన్నాడు. బావ అంతటితో ఆగి ఉంటే బాగుండేది. మా నాయన చెడుగుడులో ఒక్క కూతలో ఏడుగురిని తెచ్చినాడు, ఒంటిగా చేయడమంటే అదీ అన్నాడు. నాకు ముఖం మండుతోంది. చూసినవాళ్ళెవరు, పేపర్లో పడిందా అని అడిగాను. బావ నాయన చనిపోయి అప్పటికి చాలా ఏళ్ళయింది, చూసినవాళ్ళూ లేరు. మునుపెన్నడూ ఎవరూ శంకించని మాటను నేను నలుగురిలో శంకించేసరికి, బావ కాసేపు తన అరచేతుల వైపు చూసుకున్నాడు. తరవాత, పీర్ల పండగకు ద్రోణాచలం జట్టు వస్తాంది గదా, నేనే తెచ్చి చూపిస్తా, అప్పుడు మా నాయన మాట నమ్ముతావా అన్నాడు. నమ్ముతానన్నాను. ఆ వారమంతా నేను వీధిలో పోతుంటే ఎవరో ఒకరు "అయివారు అవుట్" అనేవారు. చివరికి బడిపిల్లలు కూడా పలకల చాటున అని నవ్వడం మొదలుపెట్టారు.

ఆట రోజు తీర్పరిగా నన్ను కోరింది ద్రోణాచలం వాళ్ళే. ఎదుటి జట్టులో నా బావ ఉన్నాడని తెలిసీ, అయివారు అబద్ధమాడడు కదా అన్నారు. బండలు చెక్కిన పొడితో నడిమిగీత గీశారు. మన తరానికి చెప్పనక్కర్లేదు, ఆ రోజుల్లో కూత అంటే ఊపిరే. నడిమిగీత దాటింది మొదలు తిరిగి దాన్ని తాకేదాకా చెడుగుడు చెడుగుడు అంటూనే ఉండాలి, నడుమ గాలి పీల్చుకున్నవాడు చచ్చినట్టే. కూత తెగకుండా గీత అందుకుంటే మాత్రం, అతడు తాకినవాళ్ళూ అతణ్ణి పట్టుకున్నవాళ్ళూ అందరూ చచ్చినట్టు, వాళ్ళను తెచ్చినట్టు.

ఆట సాగి సాగి మా వైపున అందరూ చచ్చి బావ ఒక్కడే మిగిలాడు. అవతల ఏడుగురికి ఏడుగురూ ఉన్నారు. బావ వంగి, ఒక చిటికెడు పొడి తీసి అరచేతుల్లో రుద్దుకొని, తన నాయన పేరు మనసులో తలుచుకున్నాడో ఏమో ఒక్క క్షణం కళ్ళు మూసుకొని కూతకు పోయాడు. ఒకణ్ణి కాలితో, ఇద్దరిని చేత్తో తాకి తిరిగాడో లేదో తక్కినవాళ్ళు మీద పడ్డారు. తాకించుకున్నవాళ్ళూ వచ్చి పడ్డారు. ఏడుగురి కుప్ప కింద బావ కనబడలేదు. ఆ కుప్ప మాత్రం మూర మూరగా గీత వైపు జరుగుతోంది. జనం కేకలకు కూత ఎవరికీ, కూసేవాడికి కూడా, వినబడే వీలు లేదు. నేను నేల మీద బోర్లా పడుకొని, ఆ కాళ్ళ సందున చెవి ఆనించాను. గొంతు సన్నగిల్లి, మొదటి అక్షరాలు రాలిపోయి, గుడు గుడు గుడు అని, మట్టిలో పురుగు తొలుస్తున్నట్టు వస్తోంది. కుప్పలోంచి ఒక చేయి బయటికొచ్చి పొడిగీత మీద పడింది. వేళ్ళు ఆ పొడిలో దిగబడ్డాయి.

నేను లేచి నిలబడ్డాను. ఊరంతా నా నోటి వైపు చూస్తోంది. వారం రోజుల నవ్వంతా ఆ ఒక్క క్షణంలో నా గొంతులోకి వచ్చింది.

"కూత తెగింది. అవుట్" అన్నాను.

చెడుగుడులో అవుట్ అన్న మాట ఎవరూ వాడరు, చచ్చాడంటారు. మట్టి కొట్టుకుపోయిన ముఖంతో ఇంకా ఎగరొప్పుతున్న బావ, ఆ మాటకు తలెత్తి నా వైపు ఒకసారి చూశాడు.

"యాడ తెగింది రా?"

"గీత కాడ."

"నువ్వు చెప్పినావంటే తెగే ఉంటాది" అని లేచి పంచె దులుపుకున్నాడు.

అంతకన్నా సిగ్గుపడవలసింది ఆ తరవాత జరిగింది. ద్రోణాచలం వాళ్ళు నన్ను భుజాల మీద ఎత్తుకున్నారు. సొంత బావనైనా విడిచిపెట్టలేదు, అయివారంటే ఇట్లుండాల అని ఊరూరా చెప్పుకున్నారు. "అయివారు అవుట్" అన్న మాట మళ్ళీ ఎవరి నోటా రాలేదు. ఇంటికెళితే అక్క పళ్ళెం నా ముందుకు విసురుగా తోసింది. బావే, మా బామ్మర్ది ధర్మం తప్పడే, వాని మీద కోపం చేసుకోవాకు అని ఆమెకు నచ్చజెప్పాడు. ఆ రోజు కూడా మెత్తని రొట్టె నా పళ్ళెంలోనే పడింది, నేను తిన్నాను కూడా.

మరుసటి పీర్ల పండగకు బావ కూతకు పోలేదు. గని దుమ్ము అప్పటికే ఎదలో చేరి దగ్గు మొదలైంది. పెళ్ళిళ్ళలో, తిరునాళ్ళలో ఆ ఆట కథ తనే చెప్పేవాడు, "అంతా చేసి గీత కాడ తెగింది గదప్పా" అని తనే ముగించేవాడు. ఎదురుగా కూర్చొని నేను తల ఊపేవాణ్ణి. చాలా ఏళ్ళ తరవాత కర్నూలు ఆసుపత్రిలో, మాటకూ మాటకూ నడుమ గాలి కోసం ఆగుతూ, నా చేయి పట్టుకొని అడిగాడు. "నువ్వు దగ్గరుండి వినినావు గదా రా. సరిగ్గా యాడ తెగింది?" ఒక్క మాట చెబితే చాలు. ఇన్నేళ్ళ అబద్ధం బయటపెట్టుకొనే ధైర్యం లేక, వేలెడంత దూరంలో బావా అన్నాను. ఆయన నవ్వి, మా నాయనకు శానా దగ్గరికి పోయినా అంటే అన్నాడు. ఆయనకు నిజం తెలిసీ నాకు చివరి అవకాశం ఇచ్చాడేమో అని నాకు ఈనాటికీ అనుమానం. అది తీర్చుకొనే దారి లేదు.

మనవలకు ఇదంతా ఉన్నదున్నట్టు చెప్పాను. వాళ్ళు టీవీ చప్పుడు తగ్గించి విన్నారు. చిన్నవాడు అలవాటుకొద్దీ ఫోనులో వెతికి, ఇందులో లేదు తాతా అన్నాడు. పేపర్లో పడిందా అని అడిగిన నేను వాడినేమనగలను! తెర మీద కూతకు పోయినవాడి పక్కన ముప్పై నుంచి వెనక్కి లెక్కపెట్టే గడియారం తిరుగుతోంది. కాలు గీత తాకిందో లేదో పదిసార్లు వెనక్కి తిప్పి చూపిస్తున్నారు. మంచిదే, నావంటివాడి చేతిలో ఇప్పుడు ఎవరూ మోసపోరు. కానీ ఆ చప్పుళ్ళలో, ఆ దీపాల్లో, కూత మాత్రం ఎక్కడా వినబడదు. ఒక మనిషి ఊపిరిని ఇంకొక మనిషి నేలకు చెవి ఆనించి వినడం, అతడు చెప్పిన మాటను ఊరంతా నమ్మడం ఆ రోజులతోనే పోయాయి.

మనవరాలు మాత్రం ఫోను పక్కన పెట్టి, ఇంతకీ తీర్పు చెప్పు తాతా అంది. చెప్పాను. గీత మీద చేయి పడి, వేళ్ళు పొడిలో దిగిన తరవాత కూడా ఆ కూత ఇంకా నడుస్తూనే ఉంది. నేను విన్నాను.