మా అమ్మమ్మ మెచ్చుకోని పిల్ల

మా అమ్మమ్మ పేరు కూర్మమ్మ. శ్రీకూర్మంలో వెలిసింది తాబేలు దేవుడే అయినా, నెత్తిన చేపల గంప ఉన్నంతసేపు మా అమ్మమ్మ నడకను కుందేలు కూడా అందుకోలేదు. గంప దించాకే తాబేలు. గోడకు చేరగిలబడి, అడ్డపొగ వేసుకుని కళ్ళు మూసుకుందంటే ఇల్లు కాలుతున్నా లేవదు. అడ్డపొగ అంటే చుట్టను కాలే కొస నోటి లోపలికి పెట్టి పీల్చడం. మా పేటలో ముసలమ్మలందరికీ ఆ అలవాటుంది. నిప్పునే నోట్లో దాచుకునే మనిషికి ఒక మంచి మాట దాచుకోవడం కష్టమా?

మా ఒడ్డున అదొక ఆచారం. పడవ నిండా చేపలతో వచ్చినవాణ్ణి "ఏటి పడ్డాయిరా?" అని అడగండి. "ఏటీ నేదు, నీల్లే" అంటాడు. వల బరువుకు ఒడ్డున పదిమంది రొప్పుతూ లాగుతున్నా సరే, నీళ్ళే. ఉందని చెప్తే గంగమ్మ వింటుంది, పక్కవాడి కన్ను పడుతుంది, రేపు వల ఖాళీగా వస్తుంది. పిల్లల విషయంలోనూ అంతే. బొద్దుగా ఉన్న పసివాణ్ణి చూసి ఎవరైనా ముచ్చటపడితే, తల్లి వాడి బుగ్గకు బొగ్గు రాసి "ఏటి బాగు, ఎండుసేపలాగున్నాడు" అంటుంది.

ఈ విద్యలో అమ్మమ్మను మించినవాళ్ళు లేరు. ఎప్పుడో చచ్చిన నెత్తళ్ళ చేపలను "ఇప్పుడే ఊపిరొదిలినాయి తల్లీ" అని పొగిడి అమ్మేది. మా గురించి మాత్రం నోట మంచి మాట రానిచ్చేది కాదు. నేను తొమ్మిదో తరగతిలో బడి మానేసినప్పుడు "దీనికి సదువేటి, అంబలి తాగడమొకటే వచ్చు" అని పేటంతా చెప్పింది. అది ఆచారం కొద్దీ అన్నమాట కాదు లెండి, ఉన్నమాటే.

మా చెల్లి కుమారి పుట్టగానే ఏడవలేదు. కాళ్ళు రెండూ కత్తెరలా ఒకదాని మీద ఒకటి పడేవి. మాట ముద్దగా, ఆగి ఆగి వచ్చేది. బుర్ర మాత్రం నాకంటే చురుకు. నాన్న గుజరాత్‌లో వెరావల్ చేపల బోట్లలో ఉండేవాడు. అమ్మ తెల్లారకముందే రొయ్యల కంపెనీ వ్యానెక్కేది. అందుకని కుమారి అమ్మమ్మ చంకలోనే పెరిగింది. ఒక పక్క చంకలో కుమారి, నెత్తిన గంప, వెనక కుక్కపిల్లలా నేను.

రాష్ట్రం రెండు ముక్కలైన ఏడాది, అనూరాధ మేడం మా పేటలో ఇల్లిల్లూ తిరిగింది. మండల కేంద్రంలో హైస్కూలు ఆవరణలో తను పాఠాలు చెప్పే భవిత కేంద్రం ఉందనీ, నడక రాని పిల్లలకూ మాట రాని పిల్లలకూ అక్కడ చదువు చెప్తారనీ, కాళ్ళూ చేతులూ సాగదీయిస్తారనీ, తీసుకెళ్ళడానికి ఆటో కూడా వస్తుందనీ చెప్పింది. అమ్మమ్మకు ఆటో మాట ఒక్కటే వినబడింది. "అయితే నా గంప కూడా ఎక్కుతాదా అమ్మా?" అని అడిగింది.

గంపా ఎక్కింది. ఆటో నడిపే చినబాబు మొదటిరోజు ముక్కు మూసుకున్నాడు. వారం తిరక్కముందే ఇంటికి నెత్తళ్ళు పట్టుకెళ్ళడం మొదలుపెట్టాడు. నేను కుమారికి తోడు. అమ్మమ్మ వీధుల్లో చేపలమ్ముకుని, ఖాళీ గంపతో వచ్చి ఆ గది గుమ్మంలో కూర్చునేది.

ఆ గదిలో రెండు పొడవాటి ఇనుప కడ్డీలు నడుమెత్తులో పాతి ఉండేవి. వాటి మధ్య నిలబడి, ఒక్కో చేత్తో ఒక్కో కడ్డీ పట్టుకుని నడవాలి. చివర నిలువుటద్దం. కుమారికి ఆ అద్దంలో తన మొహం కనబడితే చాలు, పళ్ళన్నీ బయటపెట్టేది. గోడకు అవతల మామూలు బడి. ప్రార్థన పాడేటప్పుడు ఇది కూడా ఇవతల నుంచి తనకొచ్చినట్టు పాడేది.

"కడ్డీలు వదిలి నాలుగడుగులు వేశావంటే, వచ్చే ఏడు ఆ బడిలో కూర్చోబెడతా" అంది మేడం.

అప్పటినుంచి కుమారికి వేరే ధ్యాస లేదు. ఇంటి దగ్గర నిద్రలో కూడా కాళ్ళు కదిపేది. చలికాలం వచ్చేసరికి ఒకరోజు ఈ చివర నుంచి ఆ చివరి దాకా నడిచింది. అద్దం దగ్గర ఒక చెయ్యి వదిలి, తన మొహానికి తానే టాటా చెప్పింది. మేడం చప్పట్లు కొట్టింది. నేను ఎగిరాను. గుమ్మంలో ఉన్న అమ్మమ్మ "సాల్లే, పీత నడక" అంది. అని, దాని కాలికింద మట్టి తీసి, తల చుట్టూ తిప్పి బయట పారేసింది. ఆ సాయంత్రం ఆటోలో ఇంటికొచ్చేదాకా కుమారి పాదాలు తన ఒడిలోంచి దించలేదు.

"ఎవుళికీ సెప్పకండే. నోరు జారినారంటే నాలిక మీద వాత పెడతాను" అంది మాతో.

కొన్నాళ్ళకే జిల్లా నుంచి నారాయణమూర్తి సారు వచ్చారు. ఏటా అలా వచ్చి పిల్లల్ని చూసి, వచ్చే ఏడాదికి ఎవరు బడికి, ఎవరు కేంద్రానికి, ఎవరికి ఇంటి దగ్గరే పాఠం అనేది తేలుస్తారు. దాన్నిబట్టే ఆటో, దాన్నిబట్టే టీచరు. మెత్తటి మనిషి. పిల్లలకు బిస్కెట్లు కూడా తెచ్చారు. ఆయనతో వచ్చినవాళ్ళంతా చుట్టూ నిలబడేసరికి కుమారి కాళ్ళు బిగుసుకుపోయాయి. కొత్త మొహాలు చూస్తే దానికి అంతే. కడ్డీల మధ్య నిలబెడితే అక్కడే వేలాడింది.

"నిన్న కూడా చివరిదాకా నడిచింది సార్" అంది మేడం.

సారు అమ్మమ్మ వైపు తిరిగారు. "నువ్వు చెప్పమ్మా. పాపలో ఏమైనా మార్పుందా? ఇంటి దగ్గర నడుస్తోందా?"

అంతమంది కొత్తవాళ్ళు, అన్ని కళ్ళూ కుమారి మీద. అమ్మమ్మ కొంగు సర్దుకుంది.

"ఏటి నడక బాబూ! ఏటీ నేదు. దుంగలాగ పడుంటాది. దీని నుదుట అంతే రాసున్నాది."

మేడం నోరు తెరిచింది. "అమ్మా, అలా అనకు! నిన్న నువ్వే చూశావు కదా?"

"నానేటీ సూళ్ళేదు" అంది అమ్మమ్మ, నా తొడ గిల్లుతూ.

సారు మొహం దిగులుగా అయిపోయింది. "పాపం, ఈ ముసలమ్మ రోజూ ఇంత దూరం మోసుకురావడం ఎందుకండీ? ఇంటి దగ్గరే పాఠం పెడదాం. వారానికోసారి మీరే వెళ్ళి చూడండి" అన్నారు మేడంతో. ఆయన జాలిపడే అన్నారు. చెడు తలపెట్టినవాళ్ళు ఆ గదిలో ఒక్కరూ లేరు.

ఇంటికొస్తూ అమ్మమ్మ ఎంతో తృప్తిగా ఉంది. ఇంతమంది కళ్ళ నుంచి పిల్లను దాటించేశానని దాని ధీమా. కుమారి మాత్రం ఆటోలో అమ్మమ్మకు వీపు తిప్పి కూర్చుంది.

"నేను... దుంగా?" అని నన్ను అడిగింది.

"అది దిష్టి తగలకుండా అన్నదే" అన్నాను.

ఇంటి దగ్గరే పాఠం అంటే ఆటో రాదని మాకు తట్టనేలేదు. బళ్ళు తెరిచిన రోజు కుమారికి రెండు జడలు వేసి, రోడ్డు మీద నిలబెట్టుకున్నాం. చినబాబు ఆటో ఆపకుండా ముందుకు పోయి, ఎందుకో మనసొప్పక కొంతదూరంలో ఆపాడు.

"ఈయేడు మీ గుంట పేరు నేదు పిన్నీ" అన్నాడు తల బయటపెట్టి. "ఇంటికాడే సదువంట కదా. మరో ఊరి పిల్లల్ని నాకు రాసినారు. తోవలో ఎక్కించుకుందునే గానీ సోటు నేదు, సూడు."

అమ్మమ్మకు మొదట అర్థం కాలేదు. అర్థమయ్యాక ఆటో వెనక పరిగెత్తింది. గంప లేకుండా ఆవిడ పరిగెత్తడం అప్పుడే చూశాను.

మర్నాడు మేడం దగ్గరకు పోయాం. "నాను అబద్దమాడినానని సెప్పమ్మా. దిష్టికి బయపడినాను. కావాలంటే ఆ బాబు కాల్లట్టుకుంటాను" అంది అమ్మమ్మ. మేడం ఎక్కడెక్కడికో ఫోన్లు చేసింది. ఏడాది మొత్తానికి ఏ పిల్లకు ఏమిటన్నది తేల్చి పైకి పంపించేశారట, మళ్ళీ చూసేది వచ్చే చలికాలంలోనేనట. "కేంద్రానికి రావద్దని ఎవరూ అనరమ్మా. ఎప్పుడు తెచ్చినా నేను చూసుకుంటా. ఆటోయే లేదు" అంది మేడం.

తేవాలని చూసింది అమ్మమ్మ. బస్సులో కుమారినీ గంపనూ కలిపి తేలేకపోయేది. గంప మానేస్తే ఇంట్లో పొయ్యి వెలగదు. కుమారి కూడా బరువెక్కింది, నేనెత్తుకుంటే పదడుగులకే జారిపోయేది. ఒక వానరోజు బస్సు దిగుతూ ఇద్దరూ పడ్డారు. అమ్మమ్మ మోకాలు ఆ తర్వాత మునుపటిలా లేదు. ఆ రోజుతో కుందేలు కూడా పోయింది, రోజంతా తాబేలే.

శనివారాలు మేడం ఇంటికి వచ్చేది. కాళ్ళు సాగదీసి, అక్షరాలు దిద్దించి, ఎలా రుద్దాలో మాకు నేర్పి వెళ్ళేది. ఆవిడకు మా ఇల్లొక్కటే కాదు, ఎన్నో ఊళ్ళు తిరగాలి. అమ్మమ్మ ఊరుకోలేక, పడవ తెడ్లు రెండు అడిగి తెచ్చి, ఇంటి ముందు రాటలు పాతించి వాటికి అడ్డంగా కట్టించింది. కడ్డీలన్నమాట. మా ఇంటి ముందంతా ఇసుక. కుమారి బరువు వేయగానే రాటలు ఒరిగిపోయేవి. అడుగు వేస్తే పాదం దిగబడేది. చివర అద్దమూ లేదు. పడి, లేచి, పడి, కొన్నాళ్ళకు అటు తీసుకెళ్ళొద్దని ఏడవడం మొదలుపెట్టింది. అమ్మమ్మ ఆముదం రాసి కాళ్ళు విడదీయబోతే అవి తలుపు గడియలా బిగిసి ఉండేవి.

మళ్ళీ చలికాలం వచ్చింది. మళ్ళీ అదే గది, అదే నారాయణమూర్తి సారు. అమ్మమ్మ ఆ రోజు చుట్ట ముట్టలేదు. కుమారికి బొగ్గు చుక్క పెట్టలేదు. గుమ్మంలో అడుగుపెడుతూనే వీధుల్లో చేపలమ్మే గొంతుతో ఎత్తుకుంది.

"సూడండి బాబూ, నా గుంటని! బంగారం! ఈ సివర్నించి ఆ సివరికి నడిసింది, నా కల్లతో సూసినాను. పాట పాడతాది, లెక్క సెప్తాది. దీని అక్కకంటే దీనికి తెలివెక్కువ. మా పేటంతటికీ ఇట్టాటి పిల్ల నేదు బాబూ!"

ఏ పిల్లనైనా అమ్మమ్మ మెచ్చుకోగా నేను వినడం అదే మొదలు. నన్ను తగ్గించినా కోపం రాలేదు. కుమారి అమ్మమ్మ మొహంలోకి నోరు తెరుచుకుని చూస్తూ ఉండిపోయింది.

కడ్డీల మధ్య నిలబెట్టారు. కాళ్ళు విడలేదు. మేడం మోకాళ్ళ మీద కూర్చుని పాదాలు పట్టుకుని జరపబోయింది. ఈసారి కొత్త మొహాలకు బిగుసుకున్నవి కావు ఆ కాళ్ళు. సారుతో వచ్చిన, వ్యాయామం చేయించే డాక్టరు చూసి, కండరాలు కుదించుకుపోయాయనీ, విశాఖపట్నంలో ఆపరేషన్ చేస్తే కొంత సాగొచ్చనీ, నడక సంగతి మాత్రం చెప్పలేమనీ అన్నాడు. అమ్మమ్మ ఇంకా "నడుస్తాది బాబూ, కాసేపాగండి, నడుస్తాది" అంటూనే ఉంది, గొంతు తగ్గుతూ.

సారు మేడంతో "పాపను కేంద్రానికే వేద్దాం. ఆటో కూడా. చక్రాల కుర్చీ కోసం కొలతలు తీసుకోండి" అన్నారు.

ఇంటికి వచ్చాక అమ్మమ్మ గోడకు చేరగిలబడింది. "దాస్తే అలాగయింది. సెప్తే ఇలాగయింది. మరేటి సెయ్యాలే నాను?" అని నన్ను అడిగింది.

బళ్ళు తెరిచిన రోజు చినబాబు ఆటో మా ఇంటి ముందుకే వచ్చింది. కుర్చీని వెనక కట్టి, కుమారిని రెండు చేతులా ఎత్తి కూర్చోబెట్టాడు. వాడికి జరిగింది సగమే తెలుసు. ఉత్సాహపరుద్దామని "ఏటే గుంటా, ఈయేడు నడిసేత్తావా? ఏటి నేర్సుకున్నావు ఇన్నాల్లూ?" అని అడిగాడు.

కుమారి అమ్మమ్మ వైపు చూసింది. పెదవులు కూడదీసుకుని, ఒక్కో మాటా అచ్చం ఒడ్డున మగవాళ్ళు అన్నట్టే అంది.

"ఏటీ... నేదు... నీల్లే."

చినబాబు పగలబడి నవ్వాడు. అమ్మమ్మ కూడా నవ్వబోయింది. నోరు ఆ ఆకారానికి వచ్చింది గానీ నవ్వు రాలేదు. ఆటో మలుపు తిరిగేదాకా చెయ్యి ఊపి, వంగలేని మోకాలితో అలాగే వంగి, ఒరిగిపోయిన రాటలకు ఇంకా కట్టి ఉన్న తెడ్లు విప్పడం మొదలుపెట్టింది.